కూరలో నూనె తగ్గించినంత మాత్రాన

గుంటూరు కొత్తపేటలోనో విజయవాడ సూర్యారావుపేటలోనో మాస్టర్ హెల్త్ చెకప్ చేయించుకుని వచ్చే నడివయసు వాళ్ళ రిపోర్టుల్లో ఈ మధ్య ఒక వాక్యం తరచుగా కనిపిస్తోంది: గ్రేడ్-1 ఫ్యాటీ లివర్, లేదా గ్రేడ్-2. అది చదివాక కొందరు "అందరికీ ఉండేదేలే" అని కవరు బీరువాలో పడేస్తారు. మరికొందరు ఆ రాత్రి నుంచే కూరలో నూనె చుక్క పడనివ్వరు, ఇడ్లీ కారప్పొడిలో నెయ్యి మానేస్తారు, మూడు నెలలు తిరిగేసరికి లివర్ శుభ్రపడుతుందని ఆశపడతారు. వైద్య కళాశాలలో చాలా ఏళ్ళపాటు బయోకెమిస్ట్రీ పాఠం చెప్పినదాన్ని కాబట్టి చుట్టాలూ ఇరుగుపొరుగువాళ్ళూ ఆ కవర్లు నా దగ్గరికి తెస్తుంటారు. నిర్లక్ష్యం చేసేవాళ్ళూ నూనె మానేసేవాళ్ళూ నిజానికి ఒకే ఊహ మీద నిలబడి ఉన్నారని నాకు అనిపిస్తుంది. తిన్న నూనే లివర్‌లో పేరుకుంటుందని, ఎంత పేరుకుందో చెప్పే గ్రేడే జబ్బు తీవ్రత అని ఇద్దరూ నమ్ముతున్నారు. కొవ్వు మన ఒంట్లో ఎక్కడ పుట్టి, ఎటు నడిచి, ఎక్కడ చిక్కుపడుతుందో చూస్తే ఈ నమ్మకంలో ఏ సగమూ నిలబడదు.

లివర్‌లోని కొవ్వు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు 2005లో అమెరికా పరిశోధకులు సూటిగా సమాధానం రాబట్టారు. బయాప్సీ చేయించుకోబోతున్న ఫ్యాటీ లివర్ రోగులకు, దానికి ముందు కొన్ని రోజులపాటు, ఆనవాలు పట్టగల ఐసోటోపులు ఇచ్చారు. ఆ తరువాత తీసిన లివర్ ముక్కలోని ట్రైగ్లిజరైడ్, అంటే నిల్వ రూపంలోని కొవ్వు, ఏ దారిన వచ్చిందో లెక్క కట్టారు. దాదాపు 59 శాతం రక్తంలో తిరిగే కొవ్వు ఆమ్లాల నుంచి, అంటే ప్రధానంగా రోగి సొంత ఒంటి కొవ్వు నుంచి వచ్చింది. 26 శాతం లివర్ తానే కొత్తగా తయారుచేసుకున్నది, ముఖ్యంగా పిండిపదార్థాల నుంచి, చక్కెర నుంచి. తిన్న కొవ్వు నుంచి నేరుగా చేరింది 15 శాతమే. ఆ అధ్యయనంలో ఉన్నది కొద్దిమంది రోగులే, అదీ అమెరికా తిండి తినేవాళ్ళు. ఆ అంకెలు యథాతథంగా మనకు వర్తిస్తాయని చెప్పను. అయితే పళ్ళెంలో ముప్పాతిక భాగం అన్నమే ఉండే మన ఇళ్ళలో, పిండిపదార్థాల నుంచి తయారయ్యే వాటా అంతకన్నా తక్కువ ఉంటుందనుకోవడానికి నాకు ఆధారమేమీ కనిపించదు. ఫ్రాన్సులో బాతుల లివర్‌ను కొవ్వు పట్టించి ఖరీదైన వంటకంగా అమ్ముతారు. ఆ బాతుల గొంతులో గొట్టం పెట్టి కుక్కేది మొక్కజొన్న. నూనె మానేసి, ఆ లోటు తీరేట్టు ఇంకో రెండు గరిటెలు అన్నం వడ్డించుకునేవాళ్ళకు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను.

మొదటి వాటా, అంటే ఒంటి కొవ్వు నుంచి వచ్చేది, అన్నిటికన్నా పెద్దది. మన చర్చల్లో అన్నిటికన్నా తక్కువగా వినిపించేదీ అదే. భోజనం చేశాక పెరిగే ఇన్సులిన్, కొవ్వు కణాలకు "ఇక కొవ్వు విడుదల చేయవద్దు, వచ్చినది దాచుకో" అని ఆదేశిస్తుంది. ఆ కణాలు ఇన్సులిన్ మాటను సరిగా విననప్పుడు, ఒకవైపు భోజనం అరుగుతూ ఉండగానే మరోవైపు దాచిన కొవ్వు కరిగి రక్తంలోకి వస్తూనే ఉంటుంది. లివర్ రక్తంలో వచ్చిన కొవ్వు ఆమ్లాలను వచ్చినంత మేరకు లోపలికి తీసుకుంటుంది; వద్దని తలుపు వేసే ఏర్పాటు దానికి పెద్దగా లేదు. మా మరిది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి కాబట్టి ఆయనకు నేను ఆ భాషలోనే చెప్పాను: యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పేరుకుపోయాయంటే ఆ రోజు సరుకు ఎక్కువ దిగిందనే అనుకోనక్కర్లేదు, ఊరి చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలు నిండిపోయి లారీలను వెనక్కి తిప్పినా యార్డే నిండుతుంది. ఆయన వెంటనే అందుకున్నాడు. "అయితే వదినా, నా కోల్డ్ స్టోరేజీ చిన్నదంటారా?" అన్నాడు. అదే నేను చెప్పదలచుకున్నది.

ఆయనను చూసినవాళ్ళెవరూ లావు మనిషి అనరు. బరువు 62 కిలోలు, ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ 22. మందు ముట్టడు, మాంసం తినడు. చేతులు సన్నం, కాళ్ళు సన్నం. చొక్కా టక్ చేస్తే మాత్రం బెల్టు మీదికి చిన్న బొజ్జ ఒరుగుతుంది, టేపు పెట్టి కొలిస్తే నడుము 37 అంగుళాలు. సీజనులో తెల్లవారకముందే యార్డుకు వెళతాడు. లాటు లాటుకీ, రైతు వచ్చినప్పుడల్లా, ఎగుమతిదారుడి గుమాస్తా వచ్చినప్పుడల్లా చక్కెర వేసిన టీ. ఎండాకాలం మధ్యాహ్నం అయితే దానికి తోడు చెరకు రసం. భోజనం మూడు గంటలకు, ఆకలి మీద పెద్ద ముద్దలుగా అన్నం, పప్పు, పెరుగు. పొద్దంతా కూర్చున్నచోటే బేరాలు. ట్రైగ్లిజరైడ్లు 240, మంచి కొలెస్టరాల్ అనే హెచ్‌డీఎల్ 34. స్కానింగులో గ్రేడ్-2 అని వచ్చాక ఇంట్లో ఆవకాయలో నూనె కూడా వార్చి పక్కన పెడుతున్నారు. టీల సంగతి ఎవరికీ తట్టలేదు.

ఇలాంటి ఒంటితీరు మనవాళ్ళలో అరుదేమీ కాదు. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పక్కపక్కన నిలబడిన తమ ఫోటోనే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంటి కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. పశ్చిమ బెంగాల్‌లో పేద గ్రామీణుల మీద జరిగిన, 2010లో వెలువడిన అధ్యయనంలో 8.7 శాతం మందికి ఫ్యాటీ లివర్ కనిపించింది, వాళ్ళలో ఎక్కువమంది బీఎంఐ 25 లోపువాళ్ళే. చర్మం కింద, తొడల్లో, పిరుదుల్లో కొవ్వు దాచుకునే శక్తి తక్కువగా ఉన్న మనిషికి, ఎంతో లావు కాకముందే మిగులు కొవ్వు పొట్టలోకీ లివర్‌లోకీ మళ్ళుతుంది.

ఇది నా ఊహ కాదనడానికి వైద్యంలో రెండు గట్టి ఆధారాలున్నాయి. లైపోడిస్ట్రోఫీ అనే అరుదైన జబ్బులో ఒక రకం ఉన్నవాళ్ళకు పుట్టుకతోనే ఒంట్లో కొవ్వు కణజాలం దాదాపు ఉండదు. నరాలు కనిపించేంత బక్కగా ఉండే ఆ రోగులకు లివర్ నిండా కొవ్వు, మధుమేహం, రక్తంలో విపరీతమైన ట్రైగ్లిజరైడ్లు ఉంటాయి. రెండోది పయోగ్లిటజోన్ అనే పాత షుగరు మాత్ర. అది వాడినవాళ్ళకు సాధారణంగా బరువు రెండు మూడు కిలోలు పెరుగుతుంది, అయినా లివర్‌లో కొవ్వు తగ్గుతుంది, ఎందుకంటే ఆ మందు చర్మం కింది కొవ్వు కణాలకు దాచుకునే శక్తి పెంచుతుంది. కొవ్వు ఎంత ఉందన్నదానికన్నా ఎక్కడ ఉందన్నది ఎంత ముఖ్యమో ఈ రెండింటినీ కలిపి చూస్తే తెలుస్తుంది.

ఇక లివర్ తానే కొవ్వు తయారుచేసుకునే సంగతి. దీని లోపలి తీరు విడ్డూరంగా ఉంటుంది, విద్యార్థులు పరీక్షల్లో ఎప్పుడూ తడబడేదీ ఇక్కడే. ఇన్సులిన్ లివర్‌కు రెండు పనులు చెబుతుంది: గ్లూకోజు తయారీ ఆపమని ఒకటి, కొవ్వు తయారీ పెంచమని ఒకటి. ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఇన్సులిన్ మాటను సరిగా వినకపోవడం) వచ్చిన లివర్ రెండు ఆదేశాలనూ వినకపోతే షుగరు పెరిగేది కానీ కొవ్వు పట్టేది కాదు. జరిగేది వేరు. మొదటి ఆదేశాన్ని వినదు, రెండోదాన్ని శిరసావహిస్తుంది. కొలెస్టరాల్ పరిశోధనకు 1985లో నోబెల్ అందుకున్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్ ఇద్దరూ 2008లో ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపారు. ఎస్‌ఆర్‌ఈబీపీ-1సీ అనే జన్యు నియంత్రకం ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నంతకాలం కొవ్వు తయారీ ఎంజైములను పుట్టిస్తూనే ఉంటుంది. రక్తంలో షుగరు దిగదు కాబట్టి క్లోమం మరింత ఇన్సులిన్ వదులుతుంది. ఆ ఇన్సులిన్ షుగరును దించలేక, కొవ్వును మాత్రం పెంచుతూ పోతుంది.

దీనికి మరో మెలిక ఉంది. కొవ్వు తయారీలో మధ్యలో పుట్టే మలోనైల్ కోఎంజైమ్-ఏ అనే పదార్థం, కొవ్వు ఆమ్లాలు కణంలోని కొలిమి అయిన మైటోకాండ్రియాలోకి పోయే ద్వారాన్ని మూసేస్తుంది. ఆరోగ్యవంతుడిలో ఇది మంచి ఏర్పాటే, ఒకే కణం ఒకే సమయంలో కొవ్వును తయారుచేస్తూ కాలుస్తూ ఉండకుండా ఆపుతుంది. రోజంతా గంటకోసారి తీపి టీ తాగే మనిషి లివర్‌లో తయారీ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది కాబట్టి, కాలడానికి అవకాశం తగ్గిపోతుంది. అందులోనూ చక్కెరలో సగం ఫ్రక్టోజు. గ్లూకోజు లివర్‌లో విచ్ఛిన్నమయ్యే దారిలో ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే అదుపు ఉంది, కణానికి శక్తి చాలినంత ఉంటే అది దారి మూస్తుంది. ఫ్రక్టోజు ఆ అదుపును తప్పించుకుని పక్కదారిన నేరుగా కొవ్వు తయారీకి ముడిసరుకుగా చేరుతుంది. అందుకే మా మరిది విషయంలో నేను ఆవకాయ నూనెను వదిలేసి టీ గ్లాసును పట్టుకున్నాను.

వచ్చినదీ తయారైనదీ బయటికి పోయే దారీ ఒకటుంది. లివర్ కొవ్వును అపోబీ అనే ప్రొటీనుతో కలిపి వీఎల్‌డీఎల్ అనే రేణువులుగా కట్టి రక్తంలోకి పంపుతుంది. లోపల కొవ్వు పెరిగేకొద్దీ ఈ రవాణా కూడా పెరుగుతుంది కానీ ఒక స్థాయి దాటాక ఇక పెరగదు. లోపల మిగిలిపోయింది లివర్‌కు చేటు, బయటికి పంపింది గుండెకు చేటు. టీఎం6ఎస్‌ఎఫ్2 అనే జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్ళను చూస్తే ఇది స్పష్టమవుతుంది: వాళ్ళ లివర్ వీఎల్‌డీఎల్‌ను సరిగా పంపలేదు, కాబట్టి ఫ్యాటీ లివర్ ఎక్కువ, గుండెజబ్బు తక్కువ. 2008లో బయటపడిన పీఎన్‌పీఎల్‌ఏ3 జన్యు మార్పు, నిల్వ కొవ్వు కరగకుండా అడ్డుపడి, జబ్బును ముదరబెడుతుంది. ఇక్కడే ఒక మాట చెప్పాలి. లివర్‌లో కొవ్వుందని తెలియగానే గుండె డాక్టరు రాసిన, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్రను తమంతట తామే ఆపేసేవాళ్ళు మన ఊళ్ళలో చాలామంది. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళకు స్టాటిన్లు సాధారణంగా సురక్షితమే, పైగా వాళ్ళలో ఎక్కువమంది ప్రాణం తీసేది లివర్ కన్నా ముందు గుండెజబ్బే.

ఇంతవరకూ కొవ్వు చేరడం గురించి. జబ్బు ముదరడం దీనికి భిన్నమైన కథ, నూనె సీసానూ గ్రేడునూ పట్టుకుని కూర్చుంటే అది కనిపించదు. స్కానింగులో కనిపించే కొవ్వు ప్రధానంగా ట్రైగ్లిజరైడ్. అది బిందువుల్లో మూటకట్టి ఉన్నంతకాలం దాదాపు నిరపాయకరం. 2007లో ఎలుకల మీద చేసిన ఒక ప్రయోగంలో, కొవ్వు ఆమ్లాలను ట్రైగ్లిజరైడ్‌గా మూటకట్టే డీజీఏటీ2 అనే ఎంజైమును అణచివేశారు. లివర్‌లో కొవ్వు తగ్గింది. అల్ట్రాసౌండ్ తీస్తే గ్రేడ్ మెరుగుపడిందనే రాసేవారు. కానీ కణాల వాపు, మచ్చకట్టడం పెరిగాయి. మూట విప్పిన కొవ్వు ఆమ్లాలే, ముఖ్యంగా పామిటిక్ ఆమ్లం, దాని నుంచి పుట్టే సెరమైడ్లు అనే కొవ్వు పదార్థాలు, వాటితోపాటు విడిగా ఉండే కొలెస్టరాల్, మైటోకాండ్రియాను దెబ్బతీసి కణాన్ని చంపుతాయి. చచ్చిన కణాల సంకేతాలకు లివర్‌లోని రక్షక కణాలైన కుప్ఫర్ కణాలు రెచ్చిపోతాయి. మామూలుగా విటమిన్ ఏ దాచుకుని నిద్రాణంగా ఉండే స్టెల్లేట్ కణాలు మేలుకొని కొల్లాజెన్ నేయడం మొదలుపెడతాయి. ఆ కొల్లాజెనే మచ్చ, దాన్నే ఫైబ్రోసిస్ అంటాం. ఎఫ్0 నుంచి ఎఫ్4 దాకా దాని మెట్లు, ఎఫ్4 అంటే సిరోసిస్, లివర్ అంతా మచ్చకట్టి గట్టిపడడం. రోగి ముందుముందు ఎలా ఉంటాడో చెప్పేది ఈ మెట్టు. పైగా సిరోసిస్ బాగా ముదిరిన లివర్‌లో కొవ్వు తరచుగా మాయమవుతుంది, అంటే జబ్బు చివరి దశకు చేరినప్పుడు గ్రేడ్ తగ్గినట్టు కనిపించవచ్చు. ఆ కాగితం పట్టుకుని సంతోషించిన కుటుంబాన్ని నేను చూశాను.

మరి నూనె ఏదైనా ఒకటేనా అంటే, కాదు. పరిమాణం కన్నా రకం ముఖ్యం. ఫిన్లాండ్‌లో చేసిన, 2018లో ప్రచురితమైన అధ్యయనంలో అధిక బరువు ఉన్నవాళ్ళకు మూడు వారాలపాటు రోజుకు వెయ్యి కేలరీలు అదనంగా తినిపించారు. ఆ అదనం వెన్న, కొబ్బరి నూనె వంటి సంతృప్త కొవ్వుగా అందిన వర్గంలో లివర్ కొవ్వు 55 శాతం పెరిగింది, చక్కెరలుగా అందినవాళ్ళలో 33 శాతం, అసంతృప్త నూనెలు, గింజలుగా అందినవాళ్ళలో 15 శాతం. సంతృప్త కొవ్వు తిన్నవాళ్ళలో ఒంటి కొవ్వు కరిగి రక్తంలోకి రావడమూ పెరిగింది, సెరమైడ్లూ పెరిగాయి. కొన్నేళ్ళ కిందట మన ప్రాంతంలో అన్నం మానేసి కొబ్బరి నూనె తాగే డైట్ ఒకటి ఊళ్ళకు ఊళ్ళను ఊపేసింది. పిండిపదార్థాలు తగ్గిస్తే లివర్ కొవ్వు వేగంగా తగ్గుతుందన్నది నిజమే, తయారీ ఆగి కాల్చడం మొదలవుతుంది కాబట్టి. అందులో బరువు తగ్గి బాగుపడినవాళ్ళు నాకు తెలుసు. ఎనభై శాతానికి పైగా సంతృప్త కొవ్వే ఉన్న నూనెను అందుకోసం గ్లాసుల కొద్దీ తాగవలసిన పని మాత్రం లేదు; బరువు తగ్గడం ఆగిన రోజున ఆ నూనె ఎవరి పక్షాన ఉంటుందో పై అంకెలే చెబుతున్నాయి. సాయంత్రం బండి మీద మిరపకాయ బజ్జీలు, పునుగులు వేయడానికి ఎక్కువగా వాడేది పామోలిన్, అందులో పామిటిక్ ఆమ్లం మెండుగా ఉంటుంది. ఇంట్లో కూరకు వేసే రెండు చెంచాల వేరుశనగ నూనెనో నువ్వుల నూనెనో దానితో ఒకే గాటన కట్టడం అన్యాయం.

మచ్చ ఉందో లేదో తెలుసుకోవడానికి అందరికీ సూది గుచ్చి బయాప్సీ చేయనక్కర్లేదు. హెల్త్ చెకప్‌లో ఎలాగూ ఉండే మూడు అంకెలూ వయసూ కలిపితే ఫిబ్-4 అనే లెక్క వస్తుంది. మా మరిది వయసు 58, లివర్ ఎంజైములైన ఎస్‌జీఓటీ 52, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు లక్షా అరవై వేలు. వయసును ఎస్‌జీఓటీతో గుణిస్తే 3016. ప్లేట్‌లెట్లను వేలలో 160గా తీసుకుని, ఎస్‌జీపీటీ వర్గమూలమైన 8తో గుణిస్తే 1280. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 2.36. 1.3 లోపు ఉంటే ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం చాలా తక్కువ, 2.67 దాటితే అనుమానం గట్టిది; నడుమ ఉంటే లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించాలి. చేయిస్తే 9 కిలోపాస్కల్స్ వచ్చింది. 8 లోపు ఉంటే నిశ్చింత, 12 పైన ఉంటే ఆందోళన అనుకుంటే, ఇది మధ్యస్థం, నిపుణుడి పర్యవేక్షణలో ఉండవలసిన స్థితి. అదే పేటలో, అదే గ్రేడ్-2 రిపోర్టుతో, ఆయనకన్నా పాతిక కిలోలు లావుగా ఉన్న మా పొరుగింటాయనకు ఫిబ్-4 ఒకటి కూడా దాటలేదు. కాగితం మీద ఇద్దరికీ ఒకటే వాక్యం.

ఏం చేయాలన్నది ఈ దారుల నుంచే వస్తుంది. బరువులో అయిదు శాతం తగ్గితే లివర్ కొవ్వు తగ్గుతుంది, ఏడు నుంచి పది శాతం తగ్గితే వాపు తగ్గుతుంది, పది దాటితే చాలామందిలో మచ్చ కూడా వెనక్కి మళ్ళుతుంది. సన్నగా ఉన్నవాళ్ళకు అంత కూడా అవసరం కాకపోవచ్చు. నడక విషయంలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళ ప్రయోగం ఒకటి నాకు ఇష్టం: ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఉన్న సన్నని యువకులు నలభై అయిదు నిమిషాలు ఒక్కసారి వ్యాయామం చేసినా, ఆ తరువాతి భోజనంలోని పిండిపదార్థం కండరాల్లోకి మళ్ళి, లివర్‌లో కొవ్వు తయారీ తగ్గింది. బరువు ఒక్క గ్రాము తగ్గనవసరం లేకుండానే వచ్చే లాభమిది. మందులూ వస్తున్నాయి: లివర్‌లో కొవ్వు కాల్చడాన్ని పెంచే రెస్మెటిరోమ్‌ను 2024లో, సెమాగ్లుటైడ్‌ను 2025లో అమెరికా ఔషధ సంస్థ ఈ జబ్బుకు ఆమోదించింది. అవి మచ్చ ఒక స్థాయికి చేరినవాళ్ళ కోసం. గ్రేడ్ చూసి రాయవలసినవి కావు.

మా మరిది టీలో చక్కెర మానేశాడు. చెరకు రసం బదులు మజ్జిగ, మధ్యాహ్నం అన్నం సగం, ఆ సగం స్థానంలో పప్పు, కూర, గుప్పెడు వేరుశనగలు. సాయంత్రం బృందావన్ గార్డెన్స్ స్టేడియంలో నడక. ఆవకాయలో నూనె మళ్ళీ కలుపుకుంటున్నాడు, నేను అడ్డు చెప్పలేదు. ట్రైగ్లిజరైడ్లు 160కి దిగాయి. ఫైబ్రోస్కాన్ మళ్ళీ ఏడాదికి.

నా ఫిర్యాదు మిగిలింది ల్యాబుల మీద. దేశవ్యాప్త అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో కేంద్ర ప్రభుత్వం ఫ్యాటీ లివర్‌ను చేర్చింది 2021లో. అయినా మన పట్టణాల్లో వేల రూపాయల ప్యాకేజీ రిపోర్టులో ఫిబ్-4 ఉండడం అరుదు. ఎస్‌జీఓటీ ఉంటుంది, ఎస్‌జీపీటీ ఉంటుంది, ప్లేట్‌లెట్లు ఉంటాయి, వయసు మొదటి పేజీలోనే ఉంటుంది. కొత్తగా రక్తం తీయనక్కర్లేదు, కొత్త యంత్రం కొననక్కర్లేదు, కంప్యూటర్‌లో ఒక సూత్రం ఎక్కిస్తే చాలు. నాకు తెలిసిన ఒక ల్యాబు యజమానిని అడిగితే, "ఎవరూ అడగడం లేదండీ" అన్నారు. కాబట్టి అడగండి. ముప్పై అయిదేళ్ళ లోపువాళ్ళలో ఆ లెక్క నమ్మదగినది కాదని, అరవై అయిదు దాటినవాళ్ళకు 1.3 బదులు 2.0 ను హద్దుగా తీసుకోవాలని కూడా రిపోర్టులో ఆ అంకె కిందే చిన్న అక్షరాల్లో వేయమని చెప్పండి.